చురకయ్య కాపలా

జీడిమామిడి కొమ్మ మీద ఎర్రచీమలు ఆకులు ముడిచి కుట్టుకున్న గూడొకటి ఉండేది. వాళ్ళ తెలివంతా ఆ గూట్లోనే ఉండేదట. దాని కావలి చీమలకు పెద్ద చురకయ్య. అతగాడికి తోకలో చిమ్మితే మండే పులుపూ, బుర్రలో పొగరూ రెండూ కాస్త ఎక్కువే.

ఒక పొద్దున ఎందుకో ఒక ఆకు తిరగబడి ముడుచుకుంది. పక్క ఆకును దానికి కలిపి కుట్టాలంటే అదీ తిరగబడాల్సిందే. ఆ తర్వాత దాని పక్కది. అలా వంకర పాకిపోతోంది.

"నేనుండగానా?" అంటూ చురకయ్య మీసం తిప్పి పులుపు చిమ్మాడు. ఒక వంకర ఆకు ఊడిపడింది. గూడంతా శభాష్ అంది. ఇక పట్టపగ్గాల్లేవు! తోటి కావలివాళ్ళనూ పిలిచి, కనబడ్డ ఆకు మీదల్లా చిమ్మించాడు.

కుట్టుపని చేసే ముసలి చీమ కోటమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్, చాలురా! మిగతా వంకరవి గట్టిపడిపోయాయి, వాటికేం కావడం లేదు. కమిలి మాడిపోతున్నవి మంచి ఆకులు!"

"నువ్వుండత్తా! కాపలా నాకు నేర్పుతావా?"

సాయంత్రానికి గూడు జల్లెడైంది. చీమలన్నీ పిల్లల్ని నోట కరుచుకుని వేరే కొమ్మకు పారిపోయాయి. పాత గూట్లో వంకర ఆకులు మాత్రం నిగనిగలాడుతూ మిగిలాయి.

"అత్తా, నేను ఊరుకుని ఉంటే?"

"వంకర ఎలాగూ పాకేదే. కానీ మెల్లగా పాకేది. నిదానంగా సర్దుకుని వచ్చేవాళ్ళం."

కొత్త కొమ్మ మీద రాణి చీమ అడిగింది: "ఇక్కడ కాపలా ఎవరికిద్దాం?"

చురకయ్య తోక ముడుచుకుని అన్నాడు: "ఎవరికైనా ఇవ్వండమ్మా. ముందు నన్ను ఓ కంట కనిపెట్టమనండి."