మామ పక్క అద్దం

సాదిక్ వేలు ఏసీ మీట మీద పడేలోపే పక్క సీట్లోంచి మామ మౌలా చెయ్యి అడ్డొచ్చింది.

"వానలో ఏసీ ఏందబ్బయ్యా? చలిని కూడా పెట్రోలు పోసి కొనుక్కుంటామా?"

"చలవకి కాదు మామా. లోపలంతా ఆవిరి పట్టి రోడ్డు కనపడలా. ఏసీ వేస్తే అద్దం ఆరిపోద్ది."

"దానికే కదా ఉప్పు మూట పెట్టినాను!" డాష్‌బోర్డు మీది గుడ్డమూటను మౌలా గర్వంగా తట్టాడు. ఎండుచేపల వ్యాపారి ఆయన. చెమ్మ ఎక్కడున్నా ఉప్పే లాగేస్తుందని నమ్మకం. ఆ మూట అప్పటికే తడిసి ముద్దయింది.

వెనక సీట్లో అత్త సుల్తాన్‌బీ కిసుక్కున నవ్వింది. "చేపలకి పట్టించినట్టు కారుక్కూడా ఉప్పు పట్టించినాడు మీ మామ. ఇంకాసేపుంటే మనకీ పట్టిస్తాడు."

సాదిక్‌కు నవ్వు రాలేదు. కృష్ణపట్నంలో బయల్దేరేటప్పుడే మామ చెప్పేశాడు, నెల్లూరు అంగడి తాళాలు అల్లుడికా, అన్నకొడుకు అజ్మల్‌కా అన్నది ఊరు చేరేలోపు తేల్చేస్తానని. తాళాల గుత్తి ఆయన జేబులోనే గలగలమంటోంది. ఎలా బేరీజు వేసినా, ఇవాళ ఆయన మాటకు ఎదురాడకపోవడమే లాభం. సాదిక్ ఒక చేత్తో ముందద్దం తుడుచుకుంటూ మెల్లగా బండి నడిపాడు.

కాసేపటికి సాదిక్ చూపు మామ పక్కనున్న కిటికీ మీద పడింది. తెల్లటి ఆవిరి మధ్య ఒక్కో అక్షరం తేలుతోంది. మా... మ... పి...

పోయిన వానలో పెళ్లాం కౌసర్‌ను నవ్వించడానికి తనే వేలితో రాసిన రాత. అప్పుడే అరచేత్తో తుడిచేశాడు కూడా. కానీ వేలి జిడ్డు అద్దాన్ని వదల్లేదు. ఆవిరి పట్టగానే పైకొచ్చింది.

"మామా, మీ కిటికీ కొంచెం దించండి. గాలాడితే ఆవిరి పోద్ది."

"వాన కొట్టి సీటు పాడైతే ఎవరిస్తారు?"

"పోనీ, అట్టా ముందుకి వంగండి. ఆ అద్దం నేను తుడుస్తాను."

"నువ్వు రోడ్డు చూడబ్బయ్యా! నా పక్క నేను తుడుచుకోలేనా?"

గుడ్డ లాక్కుని కిటికీ వైపు తిరిగిన మౌలా అలాగే ఆగిపోయాడు.

"మామ పిసినారి," వెనక నుంచి సుల్తాన్‌బీ పైకే చదివింది. "రాసినోడెవరోగానీ, ఒక్క అక్షరం తప్పు పోలా."

"ఎవరు రాసినారు?"

"నేనే మామా." సాదిక్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "తమాషాకి... పోయిన వానప్పుడు."

"పోయిన వానకా? అది కురిసి నెల కావస్తా ఉంది కదా!"

"అవును మామా."

మౌలా ఆ అక్షరాలను వేలితో రుద్ది చూశాడు. "ఇన్నాళ్లలో ఈ అద్దాన్ని ఒక్కసారైనా సబ్బు పెట్టి కడగలేదా?"

"లేదు మామా. ఊరికే సబ్బు దండగని..."

మౌలా జేబులో చెయ్యి పెట్టి, తాళాల గుత్తి తీసి అల్లుడి ఒళ్లో పడేశాడు.

"ఆ అజ్మల్‌గాడు వారం వారం షాంపూతో కారు కడిగిస్తాడు. అంగడి నీకేలే అబ్బయ్యా."