పసుపురంగు ఫ్యూజు

తాళం తిప్పగానే ఇంజిను గుర్రుమంటూ తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ తిప్పింది ఆమె. మళ్లీ అదే వరస.

"ఇవాళే దీనికి రోగం రావాలా? పదింటికల్లా క్లినిక్కులో ఉండాలి కదండీ!"

పక్కసీట్లో భర్త ఉలకలేదు, పలకలేదు. అయిదు నెలల కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పడిపోయింది. చెయ్యి కాస్త కోలుకుంది. మాటే రాలేదు. మొదట్లో ప్రయత్నించేవాడు. ఒకటి అనబోతే ఇంకోటి వచ్చేది. ఇంటికొచ్చినవాళ్లు ఒకసారి నవ్వారు. ఆ రోజు బిగించిన పెదవులు మళ్లీ విప్పలేదు. నీళ్లు కావాలంటే గ్లాసు వైపు చూసేవాడు, ఆమె అందించేది. స్పీచ్ థెరపిస్టు దగ్గర వారానికి రెండుసార్లు గంటసేపు గోడకేసి చూసి తిరిగొచ్చేవాడు.

ముప్పయ్యేళ్లు కార్లకు వైరింగు పని చేసిన మనిషి. మెకానిక్కులు చేతులెత్తేసిన బండ్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి.

"ఎవరినైనా పిలుస్తానుండండి" అంది ఆమె.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎడమచేతి వేలితో స్టీరింగు కిందికి చూపించాడు.

"ఏముందక్కడ? నా కాళ్లేగా!"

ఆయన నుదురు కొట్టుకుని మళ్లీ చూపించాడు. ఆమె దిగి, వంగి, అక్కడున్న చిన్న మూత లాగింది. లోపల వరసలు వరసలుగా రంగురంగుల బిళ్లలు.

"అబ్బో, పిప్పరమెంట్ల సీసాలా ఉందే! ఇందులో ఏది?"

ముందు తాళం తీసెయ్యమని ఆయన మణికట్టు తిప్పి చూపించాడు. తీసింది. ఆమె అందించిన మూత లోపలివైపు అచ్చువేసిన బొమ్మలో పెట్రోలు పంపు గుర్తు మీద ఆయన వేలు ఆగింది. పెట్టెలోనే ఉన్న చిన్న ప్లాస్టిక్ పట్టకారుతో ఆ గడిలోని పసుపురంగు ఫ్యూజు పీకి, ఎండకెత్తి చూసింది. లోపలి సన్నతీగ తెగి, చుట్టూ నల్లగా మాడి ఉంది.

"దొరికాడు దొంగ! ఇదిగో, పక్కన ఆకుపచ్చది ఒకటి ఊరికే ఉంది. ఇది పెట్టేద్దాం. దీనిమీద ముప్పై అని ఉంది, మాడినదాని మీద ఇరవయ్యే. ఇదే గట్టిది."

ఆయన తల గబగబా ఊపాడు, వద్దని.

"అదీ వద్దా? అయితే ఇలా చేద్దాం." చేతిసంచిలోంచి చాక్లెట్ కాగితం తీసి, దాని లోపలి వెండిరేకు చింపి, మాడిన ఫ్యూజుకే చుట్టడం మొదలుపెట్టింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. గొంతులో ఏదో గురగురమంది.

"ఏంటండీ? చెప్తే కదా తెలిసేది!" అంటూ దాన్ని గడిలోకి నొక్కబోయింది.

"వద్దూ!"

గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి నిలబడింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"వై... వైరింగు..." ఆయన మెడనరాలు ఉబ్బాయి. "వైరింగు తగలబడి... పోతుంది! పిచ్చిదానా!"

తను మాట్లాడానన్న సంగతి ఆయనకింకా తెలియలేదు. అంత కోపంలో ఉన్నాడు.

"మరేం పెట్టాలి?" అంది ఆమె మెల్లగా.

"ఇరవై."

"ఏ రంగుది?"

"ఎర్ర... కాదు." కళ్లు మూసుకున్నాడు. ఈసారి పెదవులు బిగించలేదు. "పసుపు. పసుపు! ఈ... అరలో... డబ్బా."

ఆయన ముందున్న అరలోంచి డబ్బా తీసి, కొత్త పసుపు ఫ్యూజు గడిలో పెట్టింది.

"పూర్తిగా నొక్కు!"

నొక్కింది. తాళం తిప్పింది. ఇంజిను ఒక్క ఊపులో అందుకుంది.

అప్పుడు చూశాడు ఆయన, ఆమె చెంపలు తడిసి ఉండడం. తన పెదవులను వేళ్లతో తడుముకున్నాడు. కాసేపటికి నవ్వు వచ్చింది, చిన్నగా మొదలై కారంతా నిండేలా.

"పద" అన్నాడు.

దారిపొడవునా బోర్డులు చదువుతూనే ఉన్నాడు. "మందుల... షాపు. బూట్లు. ఆగు, ఎర్రలైటు!" సగం మాటలు తప్పే వచ్చాయి. తప్పిన ప్రతిదాన్నీ పట్టుబట్టి మళ్లీ అన్నాడు.

క్లినిక్కుకి పావుగంట ఆలస్యంగా చేరారు.

"ఏంటాంటీ, లేటయింది?" అంది థెరపిస్టు.

ఆమె నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నేను... చెప్తా. ఫ్యూజు... పోయింది. ఈవిడకి... ఏమీ తెలీదు! నేనే... బాగుచేయించా."

థెరపిస్టు చేతిలో పెన్ను జారి కిందపడింది. గబగబా వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "మొదటినుంచీ చెప్పండి అంకుల్. ఒక్కటీ వదలొద్దు."

ఆయన ఛాతీ పొంగించుకుని మొదటినుంచీ చెప్పాడు. వెండిరేకు దగ్గరికి వచ్చేసరికి గొంతు పక్కగదికి వినబడింది. భార్య తల వంచుకుని తిట్లన్నీ బుద్ధిగా విన్నది.

పొద్దున మాడినదాన్ని పెట్టడానికి తనే కారులోంచి తీసేసిన మంచి ఫ్యూజు ఆమె చేతిసంచిలో భద్రంగా ఉంది.