కుక్కర్ మీద పెట్టి

“ఒసేయ్ నల్లమొహందానా! ఎంత తోమితే వదులుతుందే నీ నలుపు?”

వంటింట్లోంచి అత్త గొంతు. అద్దం ముందు నిలబడ్డ కోడలి చేతిలో పౌడరు డబ్బా ఆగిపోయింది.

వెళ్ళి తొంగిచూసింది. అత్త పీట మీద కూర్చుని పాత కుక్కర్ని ఒళ్ళో పెట్టుకుంది. ఉప్పునీళ్ళకు లోపలంతా నల్లబడిన అల్యూమినియం కుక్కర్. నిమ్మచెక్కతో రుద్దుతోంది. కోడల్ని చూడగానే గొంతు మార్చింది.

“తిన్నావా అమ్మాయ్?”

“ఆకలి లేదు” అంది కోడలు. అప్పటికే కడుపు నిండిపోయింది మరి.

కోడలికి ఈ విద్య తెలియంది కాదు. పుట్టింట్లో ఎవరూ ఎవర్నీ మొహం మీద అనరు. ఆడపడుచు మీద కోపం వస్తే అమ్మ చీపురును తిట్టేది. ఆడపడుచు జవాబు చెంబుకు చెప్పేది. చీపురుకూ చెంబుకూ ఏళ్ళ తరబడి యుద్ధం నడిచింది. ఏ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలేది. అంత చదువు చదివి వచ్చిన పిల్లకు, అత్త కుక్కర్ మీద పెట్టి ఎవర్ని అంటోందో ఒకరు చెప్పాలా? ఇంట్లో ఉన్నదే ముగ్గురు. కన్నకొడుకును అనదు కదా.

కుక్కర్ విజిల్ వేస్తే అత్త అందుకునేది. “నీ నోరు పడిపోనూ! కాస్త వేడి తగిలితే చాలు, వీధి వీధంతా వినబడాలి.” ఆ ముందు రోజే కోడలు మొగుడి మీద గట్టిగా కేకలేసింది.

మూతకు రబ్బరు బిగిస్తూ మళ్ళీ. “వచ్చిన నాటినుంచీ ఇదే వరస. ఒక పట్టాన ఇమడవు కదా!”

కోడలూ తక్కువ తినలేదు. అత్త వింటూ ఉండగా కుళాయిని పట్టుకుంది. “పొద్దస్తమానం కారుతూనే ఉంటావు. నీ గొంతు కట్టేసేవాళ్ళే లేరా?”

మర్నాడు అత్త మనిషిని పిలిపించి కుళాయి మార్పించింది.

నోరు మూయించడమంటే ఇదీ అనుకుంది కోడలు. ఈసారి పెరటి తలుపును పట్టుకుంది. “ముసలిదానివయ్యావు గానీ మూలుగు మానవు!”

సాయంత్రానికి తలుపు మడతబందులకు నూనె పడింది. “చూశావా అమ్మాయ్, ఇప్పుడు కిక్కురుమనడం లేదు” అని అత్త నవ్వింది. ఆ నవ్వుకు కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“మీ అమ్మ నన్ను ఎన్నేసి మాటలంటోందో విన్నావా?” అని మొగుణ్ణి నిలదీసింది.

“నిన్నెప్పుడంది?”

“కుక్కర్ని అంటోందిగా!”

“కుక్కర్ని అంటే నీకేంటి?”

“నీకు అర్థమయ్యుంటే నా బతుకు ఇలా ఎందుకుంటుంది!”

ఆ కుక్కరే లేకపోతే దేని మీద పెట్టి అంటుందో చూద్దామనుకుంది. కొత్తది కొందామని పట్టుబట్టి అత్తను షాపుకు తీసుకెళ్ళింది. వెడల్పు అడుగున్న స్టీలుది నచ్చింది. అత్త మూతను వెలుతురుకు ఎత్తి ఆవిరి కన్నంలోంచి ఒంటికన్నుతో చూసింది. రబ్బరును బొటనవేలితో నొక్కింది. అడుగు మీద వేలితో టకటకా కొట్టింది.

“ఈ తళతళలన్నీ కొత్తలోనేనయ్యా. తర్వాత తెలుస్తుంది అసలు రంగు” అంది షాపువాడితో.

వాడు పళ్ళికిలించాడు. బయటివాళ్ళ ముందు కూడానా, అని కోడలు పళ్ళు నూరుకుంది.

ఇంటికొచ్చాక అత్త కొత్తదాన్ని అట్టపెట్టెతో సహా అలమారలో పెట్టేసింది. పాతదే పొయ్యి మీదికెక్కింది.

“విన్నావటే? నీకు సవతిని తెచ్చాను. ఇకనైనా ఒళ్ళు దగ్గర పెట్టుకో. లేదంటే నిన్ను బయటికి గెంటి దాన్ని ఎక్కిస్తా!”

సవతి! కోడలు గదిలోకెళ్ళి బట్టల పెట్టె దించింది.

“మీ అమ్మ నీకు ఇంకో పెళ్ళి చేస్తుందట. మీ అమ్మ కావాలో నేను కావాలో తేల్చుకో.”

అతను నెత్తి కొట్టుకున్నాడు. చెప్పి చూశాడు. బతిమాలాడు. చివరికి రెండు వీధుల అవతల చిన్న వాటా తీసుకున్నాడు.

వెళ్ళే రోజు అత్త గుమ్మంలో నిలబడింది. ఎందుకు పోతున్నారని ఒక్క మాట అడగలేదు. కొత్త కుక్కర్ని అట్టపెట్టెలోంచి తీసి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. “నీకోసమే దాచాను. కడిగాక రబ్బరు విడిగా ఆరబెట్టు. ఆవిరి పోయేదాకా మూత జోలికెళ్ళకు” అంది. కోడలు మొహం తిప్పుకునే పుచ్చుకుంది.

తీరా కొత్తింట్లో పొయ్యి వెలిగించి చూస్తే మూత మీద విజిల్ లేదు. అలమారలో అట్టపెట్టె అడుగున ఉండిపోయినట్టుంది. మొగుడు పనికి వెళ్ళిపోయాడు. ఇక తప్పక తనే అత్తింటికి బయల్దేరింది. కావాలనే దాచి ఉంటుంది. దాచుకోనీ. ఈ చెంబులూ చీపుర్లూ వద్దు, ఇవాళ మొహం మీదే కడిగేస్తాను. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూనే నడిచింది.

పెరటి తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. వంటింటి కిటికీ పక్కన ఆగి లోపలికి చూసింది. అత్త ఒక్కతే ఉంది. ఆమె ఏమన్నా వినడానికి ఆ ఇంట్లో ఇక ఎవరూ లేరు.

పొయ్యి మీద పాత కుక్కర్ విజిల్ వేసింది. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని గరిటె ఎత్తి దాని మీదికి లేచింది.

“నోర్ముయ్యవే నల్లమొహందానా, నీ గోల పడలేకేగదే బంగారంలాంటి పిల్ల నా ఇల్లు విడిచిపోయింది!”