పైకి చదివిన కొలత

వ్యాయామశాలలో ఆడపిల్లలకి కొలతలు తీస్తున్నారు.

జబ్బ వెనక చర్మాన్ని వేళ్ళతో మడతపట్టి, ఆ మడత మందం పటకారులాంటి కాలిపర్‌తో చూడాలి. రెక్క ఎముక కింద మరోసారి. రెండూ కూడి పట్టికలో చూస్తే పిల్ల ఒంట్లో కొవ్వు ఎంత శాతమో ఇంచుమించుగా తెలుస్తుంది. సూదులు లేవు, రక్తం తీయడాలు లేవు.

గేమ్స్ టీచరుకి ఇది వెన్నతో పెట్టిన విద్య. కొలత చూడగానే అంకెని గది అదిరేలా చదివేది. పైన ఒక చురక కూడా వేసేది. నవ్విస్తూ చెబితేనే పిల్లలకి ఎక్కుతుందని ఆమె నమ్మకం.

పోయినేడు ఆ నమ్మకమే ఆమె కొంప ముంచబోయింది.

ఒక పిల్ల శాతం చదివి, తరగతి మొత్తానికి సరిపడా కొవ్వు నీ ఒక్కదాని దగ్గరే ఉందే అంది. అందరూ నవ్వారు. ఆ పిల్లకి ‘డ్రమ్ము’ అని పేరు పడింది. నెల తిరిగేసరికి పిల్ల తిండి మానేసి ఆసుపత్రిలో చేరింది. ఫిర్యాదు వచ్చింది, స్కూలు కమిటీ కూర్చుంది. ఉద్యోగం ఊడినట్టే అనుకుంది టీచరు. తీరా చూస్తే మందలించి వదిలేశారు. తన పనితనం చూసే వదిలేశారని ఆమె అనుకుంది. మళ్ళీ అలాంటిది జరిగితే మాత్రం ఉద్యోగం ఉండదని హెడ్మాస్టరు గట్టిగానే చెప్పారు.

ఈసారి అంకెలు రాయడానికి ఆయన ఎవరో ఒకావిడని పంపారు. లావుపాటి మనిషి, మెత్తటి మాట. వస్తూనే ఆవిడ తను తెచ్చుకున్న దుప్పటిని తెరలా కట్టింది. ఒక్కో పిల్లనే లోపలికి పిలిచింది. చల్లటి కాలిపర్‌ని అరచేతుల మధ్య వెచ్చబెట్టి అందించింది. అంకె తన చెవిలో చెబితే చాలని టీచరుని బతిమాలింది.

టీచరుకి ఒళ్ళు మండింది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు, ఇవాళ వచ్చిన మనిషి తనకి పని నేర్పుతోంది.

ఈ సుకుమారాలతోనే పిల్లలు పాడవుతున్నారని గొణిగింది. పోయినేటి సంగతంతా ఏకరువు పెట్టింది. పిల్లకి తినడం నేర్పని ఆ తల్లిని వదిలేసి, అందరూ తన మీద పడ్డారంది.

ఆవిడ కాలిపర్‌ని మళ్ళీ అరచేతుల మధ్య వెచ్చబెట్టింది. వరసలో తరవాతి పిల్లని పిలిచింది.

తెర వెనకనించి ఒక్క పిల్లా ఏడుస్తూ బయటికి రాలేదు. అది చూడాల్సిన టీచరు గడియారం చూస్తోంది. గంట కొట్టే వేళైంది, వరస సగం కూడా తరగలేదు. ఓపిక నశించి దుప్పటిని ఒక్క లాగు లాగేసింది.

“తెరలూ గిరలూ వద్దు. నేను చదువుతాను, మీరు రాయండి. ఇంత సిగ్గుపడటానికి ఇవేం మీ కొలతలు కావుగా? అయినా మీకు ఈ కాలిపర్ చాలదులెండి.”

వరసంతా గొల్లుమంది.

ఆవిడ కూడా నవ్వబోయింది, నవ్వు రాలేదు. దుప్పటి మడతపెట్టుకుంది.

“పిల్లలవి మాత్రం పైకి చదవకండమ్మా,” అని చెప్పి వెళ్ళిపోయింది.

పీడ విరగడైందనుకుంది టీచరు. తరవాతి పిల్ల కాస్త బొద్దుగా ఉంది. రమ్మంటే రాలేదు. రెండు చేతులతో జబ్బలు కప్పుకుని గోడకి అతుక్కుపోయింది.

“ఆ ఆంటీ ఉంటేనే వస్తాను టీచర్.”

పోయినేడు ‘డ్రమ్ము’ అనిపించుకున్న ఆ పిల్లా ఇలాగే గోడకి అతుక్కుంది. తనే చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఇన్నాళ్ళూ టీచరుకి ఆ సంగతి గుర్తే లేదు. ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పిల్లల్ని క్లాసుకి పంపేసి హెడ్మాస్టరు గదికి పరుగెత్తింది.

నోరు జారానని ఒప్పుకుంది. ఆవిడ కాళ్ళు పట్టుకునైనా క్షమాపణ అడుగుతానని, ఇల్లెక్కడో చెప్పమని అడిగింది.

హెడ్మాస్టరు ఆమెకి కుర్చీ చూపించారు.

“తనెవరో మీకు చెప్పొద్దని ఆవిడ నా దగ్గర మాట తీసుకుందమ్మా. పోయినేడు ఆసుపత్రిలో చేరిన పిల్ల తల్లి ఆవిడ.”

టీచరు కుర్చీ అంచు పట్టుకుంది. ఆ తల్లి గురించి ఆ తల్లితోనే తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే చెవిలో మోగాయి.

“అయితే అప్పుడు నా మీద ఫిర్యాదు చేసింది ఆవిడేనాండీ?”

“ఫిర్యాదు చేసింది ఆసుపత్రివాళ్ళు. మిమ్మల్ని తీసెయ్యాలని కమిటీ అంతా సంతకాలు పెట్టాక, ‘టీచరుగారికి కొలవడం బాగా వచ్చు, చెప్పడమే రాదు, పక్కన నేను కూర్చుంటాను, ఉద్యోగం తియ్యకండి’ అని మా అందరినీ ఆపింది ఆవిడ.”