మూడు మిల్లీమీటర్లు

"ప్లేటు పెట్టుకోకపోతే పళ్ళు ఎన్ని రోజులకి కదులుతాయి డాక్టరమ్మా?"

కుర్చీలో వెనక్కి వాలకుండా నిటారుగా కూర్చుని అడిగింది దర్జీ ఆవిడ. నెలలో ఇది మూడోసారి రావడం. మూడుసార్లూ అదే ప్రశ్న.

గ్లవ్స్ తొడుక్కుంటున్న డాక్టరు ఆగింది. సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాక క్లిప్పులు వేసిన మొదటి పేషెంటు ఈవిడే. పైవరసలో ముందు పళ్ళు రెంటి మధ్య సందు మూయడానికి ఇరవై నెలలు పట్టింది. ముందూ తర్వాతా తీసిన ఫొటోలు ఆవిడని అడిగి మరీ బయటి గదిలో గోడకి పెట్టింది. వాటిని చూసి ఇంకో పదిమంది ధైర్యంగా కుర్చీ ఎక్కారు.

"అది మనిషిని బట్టి ఉంటుందమ్మా. కొందరికి వారంలోనే కదలిక మొదలవుతుంది, కొందరికి నెలలు పడుతుంది. అందుకే క్లిప్పులు తీశాక పళ్ళు జరక్కుండా ఈ ప్లేటు ఇచ్చి, రోజూ పడుకునేముందు పెట్టుకోమన్నాను. పెట్టుకుంటున్నారుగా?"

ఆవిడ ఆ మాట వినిపించుకోలేదు. "ముందు ఏ పళ్ళు కదులుతాయి?"

"మనం జరిపినవే. మీకైతే ఆ ముందు పళ్ళు రెండూ."

"పూర్తిగా పాత చోటికే పోతాయా? కొంచెం దూరం పోయి ఆగిపోతాయా?"

"అందాకా ఎందుకు రానిస్తామమ్మా?"

"అది సరే. నా సందు మొదట ఎంతుండేది?"

"మూడు మిల్లీమీటర్లు."

ఆవిడ చేతిసంచిలోంచి చిన్న కాగితం తీసి రాసుకుంది. కొలతలు రాసుకోవడం ఆవిడ వృత్తే. అయినా ఆ రాసుకోవడం డాక్టరుకి నచ్చలేదు. పోయినవారం పాత ఫొటో కాపీ కూడా అడిగి పట్టుకెళ్ళింది. ఫొటో, కొలత... ఇవన్నీ పోగేస్తున్నది ఎవరికి చూపించడానికి? కిందటేడు తనతో చదువుకున్న డాక్టరు మీద ఓ పేషెంటు ఇలాగే కాగితాలన్నీ కూడబెట్టి కేసు వేసిన సంగతి గుర్తొచ్చింది.

"ఏదీ, ఒక్కసారి నోరు తెరవండి."

లైటు దగ్గరికి లాగి చూసింది. రెండు పళ్ళ మధ్యా సన్నటి నల్లగీత. సందు మళ్ళీ తెరుచుకుంటోంది! కొలిస్తే అర మిల్లీమీటరు.

"ప్లేటు తెచ్చారా?"

ఆవిడ డబ్బా అందించింది. ప్లేటుకి పగులు లేదు, వంకర పోలేదు. మరి తప్పెక్కడ జరిగింది? అచ్చు తీసినప్పుడే తేడా పడిందా? క్లిప్పులు తొందరపడి తీసేశానా? పళ్ళ వెనక తీగె అంటించి ఉండాల్సింది. ప్లేటు సరిపోతుందిలే అనుకుంది అప్పుడు.

"దారం పళ్ళతో కొరుకుతున్నారా?"

"లేదండీ, కత్తెర ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది."

"గట్టివేమైనా నమిలారా?"

"ఊహూఁ."

"పోనీ నాలుకతో పళ్ళని ముందుకి తోసే అలవాటేమైనా ఉందా?"

ఆవిడ ఠక్కున తలెత్తింది. "అలా తోస్తే తొందరగా కదులుతాయా?"

"కదులుతాయి. పొరపాటున కూడా ఆ పని చెయ్యకండి."

ఆవిడ తల దించుకుంది. పెదాలు బిగించింది.

పాత ఫైలు తెస్తానని డాక్టరు బయటి గదిలోకి వచ్చింది. నిజానికి ఊపిరి పీల్చుకోవడానికి వచ్చింది. బెంచీ మీద దర్జీ ఆవిడ భర్త కూర్చుని ఉన్నాడు. పక్కన నేల మీద నాలుగేళ్ళ పాప గోడవైపు తిరిగి, ఖాళీ దారపు రీలు అటూ ఇటూ దొర్లిస్తోంది.

"ఏం బుజ్జితల్లీ, ఏం ఆడుతున్నావు?"

పాప తల తిప్పలేదు. రీలు దొర్లుతూనే ఉంది.

"ఏమీ అనుకోకండి డాక్టరుగారూ. దాని ధ్యాస దానిది," అన్నాడతను మొహమాటంగా.

డాక్టరు గొంతు తగ్గించింది. "మీ ఆవిడ ఏమైనా బాధపడుతున్నారా? నా దగ్గర పైకి చెప్పడం లేదు."

అతను గట్టిగా నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటారు? పెళ్ళి ఫొటోల్లో నోరు మూసుకుని నిలబడ్డానని ఎన్నో ఏళ్ళు కుమిలింది. ఒక్కసారైనా నోరారా నవ్వాలని సరదాపడి క్లిప్పులు వేయించుకుంది. ఇప్పుడేమో అద్దం ముందు నిలబడి, పళ్ళు చూసుకుని ఏడుస్తోంది. ఎందుకు వేయించుకున్నానా అంటోంది."

డాక్టరు ఫైలు సంగతే మర్చిపోయింది. గోడమీది ఫొటోల వైపు చూడబుద్ధి కాలేదు. గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఇక దాచి లాభం లేదనుకుని లోపలికి నడిచింది.

స్టూలు లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, నిజం చెప్పేస్తున్నాను. సందు మళ్ళీ తెరుచుకుంటోంది. అర మిల్లీమీటరు వచ్చేసింది."

"నిజంగానా?" ఆవిడ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

ఆ నీళ్ళు చూసి డాక్టరు స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది. "తప్పు నాదే. వెనక తీగె అప్పుడే అంటించాల్సింది. ఆ కాగితాలు మీరు ఎవరికి చూపించినా సరే, నేను ఒప్పుకుంటాను. కానీ ముందు నన్ను సరిచేయనివ్వండి. మీరు పైసా ఇవ్వక్కర్లేదు. ఇవాళే మొదలుపెట్టి సందు మూసేస్తాను. తీగె అంటించానంటే ఇక జన్మలో తెరుచుకోదు."

దర్జీ ఆవిడ గబుక్కున రెండు చేతులతో నోరు కప్పేసుకుంది. కుర్చీలో వీలైనంత వెనక్కి జరిగిపోయింది.

"భయపడకండమ్మా. నొప్పి తెలియదు," అంది డాక్టరు.

ఆవిడ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. వేళ్ళ మధ్య నుంచే చెప్పింది.

"ఆ సందులోంచి ఈల వేస్తేనే మా పాప నావైపు తిరిగి చూసేదండీ."