మేస్త్రిగారి పరువు

కోడలు స్క్రూడ్రైవర్ మొనతో అలా ముట్టుకుందో లేదో, పొద్దునంతా మామయ్య బండి తలుపుకు మెత్తి, అరగదీసి నున్నగా చేసిన పుట్టీ పెచ్చులా ఊడి ఆమె చేతిలో పడింది. దాని వెనక తుప్పు ఎక్కడిదక్కడే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, వసారాలో మడత కుర్చీలో మామయ్య గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు.

ఆయన ఆషామాషీ మనిషి కాదు. నలభై ఏళ్లు బండ్లకు రేకుపని చేసిన మేస్త్రి. ఆయన అతుకు వేస్తే, అదెక్కడుందో బండి సొంతదారు కూడా వెతుక్కోవాల్సిందే. రెండేళ్ల కిందట జబ్బు చేసి చేతులకు వణుకు వచ్చింది, షెడ్డు మూతపడింది. ఈ పాత పికప్ బండి మాత్రం ఇంట్లో మిగిలింది. కోడలు దాన్ని నడుపుతూ తన తోటలో పెంచిన మొక్కలను దుకాణాలకు చేరవేస్తుంది. ఆ బండి లేకపోతే ఆమె తోట లేనట్టే. ఇప్పుడు చూస్తే తలుపుల అడుగు భాగాలూ, వెనక తొట్టి అంచులూ తుప్పు తినేశాయి. నెల తిరిగేలోగా ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గకపోతే బండిని తుక్కుకు వేసుకోవాల్సిందే.

ఏదైనా షెడ్డులో ఇద్దామని ఆమె అన్నప్పుడు మామయ్యకు రోషం వచ్చింది.

"మేస్త్రి ఇంటి బండి ఇంకొకడి షెడ్డు గడప తొక్కితే నా పరువేం కావాలమ్మా? పెరట్లో నేనే చేస్తాను," అన్నాడు.

అంతకు చాలా ముందు ఒకసారి, ఈ పని నువ్వు నేర్చుకోరాదా అని ఆమెనే అడిగాడు. ఇనుముతో వేగడం నావల్ల కాదు మామయ్యా, మొక్కలైతే చెప్పిన మాట వింటాయి అని ఆమె నవ్వి తప్పించుకుంది. ఆయన మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

చేస్తానని అయితే అన్నాడు గానీ, చేసేది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. నోరు ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకొకటి చేస్తుంది. "గట్టి రేకు తగిలేదాకా కోసెయ్యాలి, తుప్పు మీద జాలి పనికిరాదు," అని పైకే గొణుక్కుంటూ ఆ తుప్పు మీదే పుట్టీ మెత్తేవాడు. చుక్క చుక్కగా అతకాలి, ఒకచోట పెట్టి, అది చల్లారేలోగా ఇంకోచోటికి పోవాలి అంటూనే, వెల్డింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున లాగేవాడు. వేడికి రేకు ఉబ్బిపోయేది. ఆమె చూస్తుంటే సుత్తి పట్టిన చెయ్యి మరీ వణికేది. చివరకు చేతులకేసి చూసుకుని నిట్టూర్చి, భోంచేసి కుర్చీలో వాలిపోయేవాడు.

ఇలాంటి పనితో పరీక్షకు పోతే ఇన్‌స్పెక్టర్ వేలితో తట్టగానే బండారం బయటపడుతుంది. బండి పోవడం ఒక ఎత్తు, నలుగురి ముందు మేస్త్రి తల దించుకోవడం ఒక ఎత్తు. పోనీ ఆయనకే చెబుదామంటే నోరు రాదు. అత్తయ్య కుట్టిన గుండీ వంకరపోతే, ఆవిడ చూడకుండా విప్పి మళ్లీ కుట్టే మనిషి ఆమె. అత్తయ్యతో తన బెంగ చెప్పుకుంటే, "ఆయన నిద్ర సంగతి నీకు తెలియదా? పక్కన లారీ బోల్తా పడినా లేవరు. నీకు తోచింది చెయ్యి," అని ఆవిడ తన పనిలో పడింది.

అలా మొదలైంది ఆమె దొంగపని. మామయ్య నల్ల కళ్లద్దాలూ చేతి తొడుగులూ తగిలించుకుని, ముందు పనికిరాని రేకు ముక్కల మీద వెల్డింగ్ పెట్టి చూసింది. రేకు జల్లెడ అయింది. మామయ్య గొణుగుళ్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ నాలుగు రోజులు కుస్తీ పట్టాక ముక్క ముక్కకు అతికింది. అప్పుడు బండి మీద చెయ్యి వేసింది. పొద్దున మామయ్య చేసిందంతా మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా కోసేసి మళ్లీ అతికేది. ఒక మధ్యాహ్నం ఆత్రంలో ఒకేచోట ఎక్కువసేపు ఆగిపోయింది. అప్పుడే మామయ్య నిద్రలో గట్టిగా దగ్గాడు. ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. తీయకపోతే ఆ రేకు వంగిపోయేదే.

మర్నాడు పొద్దున మామయ్య ఆ అతుకు మీద అరచెయ్యి వేసి నిమిరి, "చూశావా, నా చెయ్యి ఇంకా పోలేదు," అన్నాడు. మీ చేతికేం మామయ్యా అంది ఆమె, నవ్వు పెదవుల్లోనే దాచుకుని. ఆయన హుషారుగా పక్క రేకు పాడుచేయడానికి బయల్దేరాడు.

మూడో వారం గడిచేసరికి ఆమె కళ్లు మూసుకుని తలుపు అడుగంతా తడిమి చూసుకుంది. అతుకు ఎక్కడా చేతికి తగల్లేదు. ఆమెకు పట్టరానంత గర్వం కలిగింది. ఎవరికీ చెప్పుకోవడానికి లేదు, అదొక్కటే లోటు.

పరీక్ష రోజున మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆయన్ను ఎరిగినవాడే, అయినా పనిలో మొహమాటం లేనివాడు. బండి కింద దూరి చూశాడు, తొట్టి అంచులు స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు, తలుపులు వేళ్లతో తట్టాడు. చివరకు కాగితం మీద ముద్ర పడింది.

"మేస్త్రిగారూ, మీ పనితనం మళ్లీ చూస్తాననుకోలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఈ ఒక్క మాట కోసమే తను ఇన్ని మధ్యాహ్నాలు కష్టపడింది. మామయ్య ముఖం ఎలా వెలుగుతుందో చూద్దామని అటు తిరిగింది.

"నాది కాదండీ. ఇందులో నా సుత్తి దెబ్బ ఒక్కటి కూడా మిగల్లేదు. అంతా మా కోడలు చేసింది," అన్నాడు మామయ్య. "నలభై ఏళ్లలో నా దగ్గర ఎంతమందో పని నేర్చుకున్నారు. ఇంత శుభ్రంగా అతికిన చెయ్యి ఇంకోటి లేదు."

ఆయనకు అంతా తెలుసన్నమాట. సిగ్గుతో కోడలి తల వంగిపోయినా, ఆ మాటలు ఇంకోసారి వినాలనిపించింది.

"పాపం, మీ చేతుల వణుకు వల్ల ఈ అమ్మాయికి ఎంత శ్రమ వచ్చిపడింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వణుకా? అది తగ్గి ఏడాదైంది," అన్నాడు మామయ్య.