నిండు సీసా

“మళ్లీ నీల్ల సీసా నిండుగానే తెచ్చినావేటే? కిడ్నీలు పాడైతే ఎవులు సూత్తారు?” జగదాంబ కూతుర్ని ఇంకా తిడుతూనే ఉంది.

“ఒగ్గీయే దాన్ని,” అన్నాడు వల బాగుచేస్తున్న ఆమె భర్త ఢిల్లీరావు.

బేబి తల దించుకుంది. “తాగితే ఎల్లాలి కదమ్మా. బడి లెట్రిన్లో కమిటీ సైర్మన్ జీడిపిక్కల బస్తాలెట్టి తాళమేసీసినాడు. ఆడపిల్లలెవులం నీల్లు తాగం.”

తిట్టవలసిన మనిషిని వదిలేసి ఏడాదిగా పిల్లను తిడుతున్నానని జగదాంబకు అప్పుడు తెలిసింది. “ఆ సైర్మన్ సంగతి నాను సూత్తాను,” అంది.

“సైర్మన్‌తో పగేటి మనకి?” అంది జగదాంబ అత్త.

“పగే, అత్తా.”

జగదాంబ సీసాను బేబి చేతిలో పెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది.

“రేపు నువ్వూ నీ జట్టోల్లూ కడుపునిండా నీల్లు తాగండి. ఇంటర్వెల్ గంట కొట్టగానే అందర్నీ సైర్మన్ ఇంటి లెట్రిన్‌కే తీసుకెల్తాను. బస్తాలు కదిలేదాకా రోజూ ఎల్తాం.”